నవమినాడు ఆపిన మిషను

ఏసీ గదిలోకి దూది తేకూడదని భాస్కరరావుగారు చెప్పగానే అమ్మాజీ ఎదురాడకుండా లేచి వరండాలోకి వెళ్ళింది. వెళ్ళినట్టే వెళ్ళి, మళ్ళీ గుమ్మం దగ్గరకొచ్చి, కుర్చీ లోపలా దూది పొట్లం బయటా ఉండేలా చూసుకుని కూర్చుంది. చేతులు గుమ్మం అవతల వత్తులు చేస్తున్నాయి. కళ్ళు మాత్రం గుమ్మం ఇవతల మనవరాలు తులసి మీదే ఉన్నాయి.

"మామ్మగారూ, నూగు మిషన్లలోకి వెళ్తే పాడైపోతాయండీ" అన్నారు భాస్కరరావుగారు. ఆ కాలేజీ కంప్యూటర్ లాబుకి ఆయనే ఇన్‌చార్జి.

"నూగు బయటే ఉంది బాబూ. నేనే లోపలున్నాను. నేను పాడైపోతే మీకేం నష్టం లేదు కదా."

తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్న అటెండరు నతానియేలు నవ్వు ఆపుకోలేక తల పక్కకి తిప్పుకున్నాడు.

అవి దసరా సెలవులు. అమలాపురంలో అంత పెద్ద కాలేజీలోనూ ఆ గది ఒక్కటే తెరిచి ఉంది. ఖాళీ భవనంలో ఆడపిల్ల ఇద్దరు మగవాళ్ళ మధ్య పొద్దస్తమానం కూర్చోవడమేమిటని అమ్మాజీ కొడుకు నూకరాజు అభ్యంతరం చెప్పాడు. "అయితే నేను వెళ్తాను, నాకు ఇంట్లో మాత్రం ఏం పని" అంది అమ్మాజీ. అలా ఉప్పలగుప్తం నుంచి మొదటి బస్సులో నాయనమ్మా మనవరాలూ కలిసి వచ్చేస్తున్నారు. కార్తీకమాసం వస్తోంది. ఇంట్లోకి, చుట్టుపక్కల నాలుగిళ్ళలోకి వత్తులు చేసివ్వడం అమ్మాజీకి ఎప్పటినుంచో అలవాటు. ఇక్కడైనా అవే చేతులు, అదే దూది.

తులసి ఆ కాలేజీలోనే ఎమ్మెస్సీ చదివి, అయ్యాక అక్కడే పాఠాలు చెప్పడానికి టెంపరరీగా చేరింది. విశాఖపట్నం యూనివర్సిటీలో పరిశోధన సీటు ఒకటి ఉంది. దానికి ఇద్దరు మిగిలారు, ఒకరు తులసి. ఏకాదశినాడు సాయంత్రం లోపల, తమ ఊరి బావుల కింద ఉప్పునీరు ఎంతవరకూ పాకిందో లెక్క కట్టి కాగితాల మీద చూపిస్తే సీటు ఆమెది, లేకపోతే రెండో మనిషిది. బావుల్లో నీళ్ళు తోడి సీసాల్లో పట్టి కొలిచిన రోజుల్లో అమ్మాజీ కూడా చేదతాడు పట్టుకుని వెంట తిరిగింది. అన్ని బావులూ కొలిచేశారు. ఇక లెక్క మిగిలింది. అది మనుషులు వేళ్ళ మీద కట్టే లెక్క కాదు. దానికొక ప్రోగ్రాం ఉందిట. ఎక్కడో దేశంగానిదేశంలో శాస్త్రవేత్తలు రాసి ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకోండని పెట్టేశారుట. బస్టాండు దగ్గర నెట్ సెంటర్లో కూర్చుని, దాన్ని ముక్కలు ముక్కలుగా ఫ్లాపీల్లోకి ఎక్కించుకుని, ఆ కట్టకి రబ్బరుబ్యాండు వేసి తెచ్చింది తులసి.

"తెచ్చేవు కదా, ఇంకేంటే ఆలస్యం?" అంది అమ్మాజీ.

తులసి గాజులు మోచేతి దాకా పైకి తోసుకుంది. పని మొదలెట్టే ముందు ఆ పిల్లకి అదొక అలవాటు. "అదిగో, ఆ అద్దాల గదిలో ఉన్నదే అసలు మిషను మామ్మా. యూనిక్స్ సర్వరంటారు. ఇక్కడున్నవన్నీ ఉత్త కిటికీలు. మిషను పెట్టిన కొత్తలో కంపెనీవాళ్ళే అందులో మాకు తలొక గదీ ఇచ్చేరు. నా గదిలో నేనేం చేసుకున్నా అడిగేవాళ్ళు లేరు. కానీ ఇలాంటి ప్రోగ్రాములు పెట్టే చోటు వేరే ఉంది, అది అందరిదీను. ఉమ్మడి వంటిల్లు అనుకో. అందులో ఒక గరిటె పెట్టాలన్నా రూట్ అనే పేరుతో వెళ్ళాలి. ఆ పేరుకి ఒక రహస్యం మాట ఉంటుంది. పాస్‌వర్డ్."

"అది ఎవరి దగ్గరుంది?"

"సార్ దగ్గర. శ్రావణమాసం నుంచీ అడుగుతున్నాను."

అమ్మాజీ చేతిలో వత్తి పూర్తి చేసి, పొట్లంలో పెట్టి, భాస్కరరావుగారి వైపు తిరిగింది. "మాస్టారూ, మా పిల్ల ఉమ్మడి వంటింట్లో ఒక్క గరిటె పెట్టుకుంటానంటోంది. మీకేమిటండీ కష్టం?"

"నాదేముందండీ, పర్మిషన్ ఉండాలి కదా. ప్రిన్సిపాలుగారు చెప్పాలి, కంపెనీవాళ్ళు ఒప్పుకోవాలి. సర్వరంటే దేవుడి గదిలాంటిదండీ. అందరి చేతులూ పడకూడదు." మాట చక్కగా, మెత్తగానే వచ్చింది. చెప్పి ఆయన మళ్ళీ తన సొంత కంప్యూటరు వైపు తిరిగారు. దాని తెర మీద పేకముక్కలు వరసగా పరిచి ఉన్నాయి.

"ఆ ముక్కలకి ఎవరి పర్మిషనండీ?" అంది అమ్మాజీ.

ముక్కలు చప్పున మాయమైపోయాయి. నతానియేలు మళ్ళీ తల పక్కకి తిప్పుకున్నాడు. తులసి మాత్రం నవ్వలేదు. "మామ్మా, ఊరుకో" అని గొణిగి, మొదటి ఫ్లాపీ పెట్టింది.

ఆ రోజు సప్తమి. పొద్దుటి నుంచి సాయంత్రం వరకూ అమ్మాజీ చూసింది ఒక్కటే, మనవరాలు కూర్చున్న తీరు. వీపు కుర్చీకి ఆనించలేదు. ఇంట్లో పప్పు పొయ్యి మీద పెట్టి పుస్తకం పట్టుకుని కూర్చుని, మాడు వాసన ఇల్లంతా కమ్మినా ఎరగని పిల్ల, ఇక్కడ తెర మీద ఒక్క అక్షరం తేడాగా వస్తే పట్టేసుకుంటోంది. ప్రోగ్రాం తయారుగా రాలేదుట, దినుసులుగా వచ్చింది. వాటిని ఈ మిషనుకి సరిపడేలా ఇక్కడే వండుకోవాలి. కంపైల్ అంటారుట దాన్ని. మొదట్లోనే అది అడుగుతుంది, ఎక్కడ పెట్టమంటావని. ఏమీ చెప్పకపోతే ఉమ్మడి చోటుకే పోతుంది, పోయి "పర్మిషన్ డినైడ్" అని వెనక్కొస్తుంది. అలా కాకుండా తులసి ప్రతిసారీ తన గది చిరునామా కొట్టి మరీ చెబుతోంది.

తెర మీద వరసలు వరసలుగా ఏవో పైకి జరిగిపోతున్నాయి. "ఏం చేస్తోందే అది?"

"ఏమేం ఉన్నాయో వెతుక్కుంటోంది. ఇది ఉందా, ఉంది. అది ఉందా, ఉంది..." అని చదువుతూ తులసి ఆగింది. వరసలూ ఆగాయి. "ఇది లేదు."

ఆ లేని సామాను ఇంకో ప్రోగ్రాముట. మామూలుగా అయితే ఉమ్మడి చోట్లో ఉండాలి. పెట్టేవాళ్ళు లేరు. సరే, దాన్ని కూడా తన గదిలోనే చేసుకుంటానంది తులసి. గొడుగేసుకుని నాయనమ్మని తోడు తీసుకుని మళ్ళీ నెట్ సెంటర్‌కి వెళ్ళింది. వచ్చి ఫ్లాపీలు పెడితే ఒకటి చదవలేదు. మళ్ళీ వెళ్ళింది. అదీ వచ్చాక, దానికి ఇంకొకటేదో కావాలంది మిషను.

"ఇది ఎక్కడికక్కడ ఇంకోటి అడుగుతోందేంటే? పెళ్ళివారిలా" అంది అమ్మాజీ.

"ఏం కావాలో అడుగుతోంది కదా మామ్మా. చెప్పకుండా అలిగి కూర్చుంటే నేనేం చేసేదాన్ని?"

మధ్యాహ్నం దాటాక గది నిండిపోయిందని చెప్పింది మిషను. ఒక్కొక్కళ్ళకి ఇచ్చిన చోటు ఇంతే, అంతకు మించితే ఒక్క అక్షరం కూడా పట్టదు. తులసి కాసేపు తన సామాన్లన్నీ పైకీ కిందకీ చూసుకుంది. ఎమ్మెస్సీలో రాసుకున్న పాఠాలు, స్నేహితురాళ్ళ ఉత్తరాలు, అన్నీ ఫ్లాపీల్లోకి ఎత్తి అక్కడ చెరిపేసింది. వండడం అయిపోయిన ప్రోగ్రాముల తాలూకు దినుసులు కూడా ఎప్పటికప్పుడు తీసి పారేస్తూ, జాగా చేసుకుంటూ పోయింది. ఇరుకింట్లో పదిమందికి వండిపెట్టే ఇల్లాలు కూడా ఇంత ఒద్దికగా చెయ్యదేమో అనిపించింది అమ్మాజీకి. ఆ మాట పైకి అనలేదు. అంటే ఆ పిల్ల ఎక్కడ పని ఆపుతుందోనని.

మర్నాడు అష్టమి. పొద్దున్నే దుర్గమ్మకి దణ్ణం పెట్టుకుని బయల్దేరారు. అన్నీ కుదిరాయి, అసలు ప్రోగ్రామే కుదరలేదు. చివరంటా వచ్చి ఒక్కచోట ఆగిపోతోంది. తులసి తెర మీద ఆ వరసని వేలితో తడుముతూ రెండుసార్లు చదివింది. తర్వాత ప్రోగ్రాం రాసినవాళ్ళ రాతలోకే దిగింది. అమ్మాజీకి అక్షరాలు తెలియవు గాని, ఆ పిల్ల కళ్ళు మిక్సీలో ఏదో పడిపోయినప్పుడు వెతికే కళ్ళలా ఉన్నాయని తెలిసింది. భాస్కరరావుగారు కూడా తన కుర్చీలోంచి లేచి, వెనక కాస్త దూరంలో చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఇదీ సంగతి" అంది తులసి నెమ్మదిగా. "వీళ్ళు ఒక సామానుని నేరుగా ఉమ్మడి చోటుకే వెళ్ళి తెచ్చుకోమని రాసేశారు. నా గదిలో ఉందని దానికెలా తెలుస్తుంది, పాపం." ఆ వరస మార్చింది. ముందు నా గదిలో చూడు, దొరక్కపోతే బయటికి వెళ్ళు అని మిషనుకి చెప్పింది. మళ్ళీ వండమంది.

వరసలు పరుగెత్తాయి. ఈసారి ఆగలేదు. చిట్టచివర ఒక చిన్న పేరు పడి, దాని పక్కన గుర్తు ఒకటి కొట్టుకుంటూ నిలబడింది.

తులసి కేక వెయ్యలేదు. చప్పట్లు కొట్టలేదు. రెండు చేతులూ బల్ల మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది, అంతే.

"అయిందా తల్లీ?"

"అయింది మామ్మా."

"ఎవరి సాయం లేకుండానా?"

"రాసినవాళ్ళ సాయం ఉంది కదా. వాళ్ళు దాచుకోకుండా మొత్తం ఇచ్చేరు కాబట్టే ఎక్కడ ఆగిందో కనిపించింది."

నతానియేలు స్టూలు మీంచి లేచి, "టీ తెత్తానండి అమ్మగారూ, మంచిది, అల్లం ఏయించి" అంటూ వెళ్ళాడు. అతను అడక్కుండా టీ తేవడం ఆ లాబులో ఎవరూ చూడలేదు.

బావుల కొలతలన్నీ ఎక్కించి, లెక్క మొదలుపెట్టింది తులసి. ఆపకుండా నడిస్తే ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. మధ్యమధ్యలో ఎంతవరకూ వచ్చిందో తనంతట తాను దాచుకుంటూ ఉండమని కూడా చెప్పింది. కరెంటుని నమ్మలేం కదా.

అప్పుడు భాస్కరరావుగారు దగ్గుతూ వచ్చారు. "అమ్మా తులసీ, రేపు నవమి. ఆయుధపూజ. మిషన్లన్నీ ఆపేస్తాం."

తులసి కుర్చీలోంచి లేచింది. "సార్, మధ్యలో ఉందండీ. సర్వరొక్కటీ వదిలెయ్యండి. పూజ చేసుకోండి, నడుస్తుండగానే బొట్టు పెట్టుకోండి."

"నడుస్తున్నదానికి పూజేమిటమ్మా? ఏటా ఆపుతున్నాం. ఒక్కరోజు."

తులసి నాయనమ్మ వైపు చూసింది, తన తరఫున ఒక మాట అంటుందని. కానీ అమ్మాజీకి ఈ విషయంలో రెండో ఆలోచన లేదు. వాళ్ళింట్లో నవమినాడు కత్తిపీట కూడా పడుకునే ఉంటుంది. పార, కొడవలి, కొబ్బరికాయలు వలిచే గుణపం అన్నీ కడిగి బొట్లు పెట్టి అరుగు మీద వరసగా పేరుస్తారు. ముందురోజే కూరలు తరిగి పెట్టుకుంటారు. ఏడాది పొడుగునా మనకి చాకిరీ చేసినదాన్ని ఒక్కరోజు ముట్టుకోకుండా ఉండటం మర్యాద.

"ఒక్కరోజు ఆగవే. దాచుకుంటోందన్నావు కదా, ఎల్లుండి అక్కడి నుంచే అందుకోవచ్చు. దశమి పొద్దున్న మొదలెడితే ఏకాదశి పొద్దుటికి అయిపోద్ది. అదీ చాకిరీ చేస్తోంది, పాపం" అంది.

తులసి తెర మీద నడుస్తున్న లెక్క వైపు ఒకసారి చూసింది. తర్వాత, "సరేనండీ. కానీ స్విచ్ నొక్కి ఆపకండి సార్. రూట్‌గా లోపలికి వెళ్ళి, పద్ధతిగా నిద్రపుచ్చాలి. లేకపోతే డిస్కు దెబ్బతింటుంది" అంది.

"నాకు తెలుసమ్మా" అన్నారు భాస్కరరావుగారు, గోడ మీది గడియారం వైపు చూస్తూ.

నవమినాడు లాబుకి మామిడి తోరణం కట్టింది నతానియేలే. "ఆయ్, ఏటా నేనే కదండీ కట్టేది. ఆదివారం చర్చికెళ్ళినా, నవమికి మాత్రం ఇక్కడుండాలండి నేను. నిమ్మకాయలు కోసి కుంకం అద్దడం కూడా నాకే బాగా కుదురుద్దంటారు సారు" అని అమ్మాజీకి చెప్పాడు. కంప్యూటర్లన్నింటికీ పసుపూ కుంకుమా అద్దారు. భాస్కరరావుగారు కొత్త చొక్కా వేసుకొచ్చారు. పూజకి ముందు అందరినీ బయట నిలబెట్టి, తానొక్కరే అద్దాల గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

తులసి చెవొగ్గి వింటోంది. లోపల్నుంచి కీబోర్డు చప్పుడు రాలేదు. టక్కుమని ఒక్క శబ్దం వచ్చింది. ఎప్పుడూ ఉండే ఫ్యాను హోరు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది.

"ఏమైందే?" అంది అమ్మాజీ, పిల్ల తన చెయ్యి పట్టుకున్న తీరు చూసి.

"ఏం లేదు మామ్మా" అంది తులసి. కొబ్బరికాయ కొట్టారు, చెక్కా బెల్లమూ పంచారు. తులసి తన చెక్క తినలేదు. బస్సు దిగేదాకా చేతిలోనే ఉంది.

దశమి పొద్దున్న సర్వరు స్విచ్ వేశారు. హోరు మొదలైంది. తెర మీద వరసలు పడ్డాయి, పడ్డాయి, ఒకచోట ఆగాయి. తులసి అద్దంలోంచి చదివింది. డిస్కులో తేడా వచ్చిందని, బాగుచేసుకోవాలంటే రూట్ పాస్‌వర్డ్ చెప్పమని అడుగుతోంది.

"కొట్టండి సార్" అంది.

"మీరంతా బయటుండండి."

బయటున్నారు. అద్దం అవతల భాస్కరరావుగారు ఏదో కొట్టారు. తెర కాదంది. రుమాలుతో అరచేతులు తుడుచుకుని మళ్ళీ కొట్టారు. మళ్ళీ కాదంది. తలుపు తీసి, "కీబోర్డు పాడైనట్టుందమ్మా" అన్నారు. తులసి వెళ్ళి పక్క కంప్యూటరు కీబోర్డు ఊడదీసి తెచ్చిచ్చింది. తలుపు మళ్ళీ మూసుకుంది. బయట ఎండ వరండా మెట్లు ఎక్కి గుమ్మం దాకా వచ్చింది. తులసి అద్దానికి ఆనుకుని నిలబడిపోయింది. లోపలి మిషనులో ఆమె గది, ఆ గదిలో బావుల లెక్క, ఆ లెక్కలో విశాఖపట్నం సీటు ఉన్నాయి. అమ్మాజీ ఒళ్ళో దూది అలాగే ఉంది, వేళ్ళు కదల్లేదు. ఒక్కరోజు ఆపమన్నది తనే కదా.

చివరికి ఆయన బయటికొచ్చి, తన కుర్చీ దాకా వెళ్ళకుండా, నతానియేలు స్టూలు మీద కూర్చుండిపోయారు.

"ఆ మాట నాకు తెలీదమ్మా."

చేతిలోని రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు.

"మిషను పెట్టిన కంపెనీ కుర్రాడు శివశంకర్ అని, అతనికి తెలుసు. రేపిస్తాను, ఎల్లుండిస్తాను అంటూ మస్కట్ వెళ్ళిపోయాడు. అప్పటికే నేను అన్నీ నాకు అప్పగించేరని ప్రిన్సిపాలుగారికి సంతకం పెట్టేశాను. తర్వాత ఎవరికి చెప్పను? మీరెవరొచ్చి అడిగినా పర్మిషన్ లేదన్నాను. ఉందనడానికి నా దగ్గర ఏముంది గనక?"

"అయితే ఏటా నవమికి..." అంది తులసి.

"స్విచ్చేనమ్మా. పద్ధతిగా ఆపాలన్నా ఆ మాటే కావాలి కదా. ఏటా లేచేది. ఈ ఏడు లేవలేదు."

అమ్మాజీ నోటిదాకా ఒక మాట వచ్చింది. పేకముక్కల మాట. ఆ కొత్త చొక్కా జేబు మీద నిన్నటి పసుపు మరకా, మోకాళ్ళ మధ్య వేలాడుతున్న ఆ చేతులూ చూసి దాన్ని మింగేసింది. "నతానియేలూ, మాస్టారికి మంచినీళ్ళియ్యి నాయనా" అంది.

తులసి గాజులు పైకి తోసుకుంది. "సార్, ఒక దారుందండీ. మిషను లేచేటప్పుడు ఒక్క క్షణం ఆగుతుంది. అప్పుడు దాని ఎదురుగా కూర్చున్నవాళ్ళు ఒక మాట కొడితే, పాస్‌వర్డ్ అడక్కుండానే తెరుచుకుంటుంది. తాళాలు పోగొట్టుకున్న ఇంటివాళ్ళ కోసం అలా పెట్టేరు. దూరంగా మా టెర్మినళ్ళ దగ్గర్నించి కుదరదు. అద్దాల గదిలోకి వెళ్ళాలి."

భాస్కరరావుగారు తలెత్తారు. "ఇది నీకు ముందే తెలుసా?"

"ఆయ్, తెలుసండీ."

"తెలిసి కూడా శ్రావణం నుంచీ నన్ను అడుగుతూ, ఆ ఫ్లాపీలు మోసుకుంటూ... నేను భోజనానికి వెళ్ళినప్పుడల్లా ఆ గది తీసే ఉంటుంది కదమ్మా!"

"ఆ గది మీదండీ. మీరు రమ్మనలేదు."

ఆయన లేచి, తలుపు బార్లా తీసి పట్టుకుని పక్కకి తప్పుకున్నారు.

తులసి చెప్పులు లేని కాళ్ళతో లోపలికి వెళ్ళింది. మిషనుని మళ్ళీ లేపింది. అది ఆగిన ఆ ఒక్క క్షణం పట్టుకుని, టకటకా ఏదో కొట్టింది. తెర ఏమీ అడక్కుండా తెరుచుకుంది. ఆ తర్వాతంతా ఓపిక పని. డిస్కుని మొదటి నుంచి చివరంటా చూసుకుంటూ, చెదిరినవి చెదిరినచోట సర్దమని చెప్పింది. వరసలు మెల్లిగా కదిలాయి. ఎక్కడైనా ఆగితే ఆ పిల్ల ఊపిరి కూడా ఆగినట్టుండేది. మధ్యాహ్నం భోజనాల వేళ దాటిపోయింది. ఎవరూ భోజనం మాట ఎత్తలేదు.

"నీ గది ఉందా?" అంది అమ్మాజీ గుమ్మంలోంచి, ఉండబట్టలేక.

తులసి వెతికి చూసింది. "ఉంది మామ్మా. ప్రోగ్రాం ఉంది. లెక్క ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది."

అమ్మాజీ గోడకి చేరబడి కళ్ళు మూసుకుని తెరిచింది. "అయితే ఇప్పుడు ఈ మిషనుకి యజమానివి నువ్వేనా?"

"ఇప్పటికి నేనే."

"మరింకేం, నీ గరిటెలన్నీ ఆ ఉమ్మడి వంటింట్లో పెట్టేసుకో. ఆ మాట కూడా నీకు నచ్చింది పెట్టేసుకో. ఇంక నిన్నెవరు ఆపుతారు?"

తులసి నవ్వి కుర్చీలోంచి లేచింది. "సార్, మీరు కూర్చోండి. కొత్త పాస్‌వర్డ్ అడుగుతుంది. మీకు గుర్తుండేది, ఇంకెవరూ ఊహించలేనిది కొట్టండి. తెర మీద కనపడదు, భయపడకండి. రెండుసార్లు కొట్టాలి."

భాస్కరరావుగారు కూర్చున్నారు. తులసి గోడ వైపు తిరిగి నిలబడింది. నాయనమ్మ ఇంకా అటే చూస్తోందని గమనించి భుజం పట్టుకుంది. "నువ్వూ తిరుగు మామ్మా."

"నాకు ఇంగ్లీషు రాదు కదే!"

"రాకపోయినా తిరగాలి."

అమ్మాజీ తిరిగింది. గుమ్మంలో నతానియేలు కూడా తనంతట తనే వరండా వైపు తిరిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ముగ్గురి వీపుల వెనక కీబోర్డు ఒక్కొక్క అక్షరంగా, నెమ్మదిగా చప్పుడు చేసింది. ఆగింది. మళ్ళీ మొదటి నుంచి చప్పుడు చేసింది.

"అయిందమ్మా" అన్నారు భాస్కరరావుగారు. ఆ గొంతు అమ్మాజీ అంతవరకూ వినని గొంతు.

లెక్క ఆగినచోటు నుంచి మొదలయ్యేసరికి పొద్దు వాలింది. ఏకాదశి తెల్లవారేసరికి తెమిలితే సరి, మధ్యలో కరెంటు పోతే ఏమీ చెప్పలేం. తులసి ఉండిపోతానంది. భాస్కరరావుగారు ఒప్పుకోలేదు. "రేపు యూనివర్సిటీలో వాళ్ళ ముందు నిలబడాల్సింది నువ్వమ్మా. నిద్రపో. ఆపినవాణ్ణి నేను, ఆగకుండా చూసేదీ నేనే." నతానియేలు అప్పటికే జనరేటర్‌లో డీజిల్ పోయడానికి డబ్బా వెతుక్కుంటున్నాడు.

మర్నాడు మొదటి బస్సులో వాళ్ళు వచ్చేసరికి భాస్కరరావుగారు నలిగిన కొత్త చొక్కాతోనే సర్వరు ఎదురుగా కూర్చుని ఉన్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "రెండుసార్లు పోయిందమ్మా కరెంటు. బ్యాటరీ దిగేలోపే నతానియేలు ఉరికి జనరేటర్ వేసేడు. మిషను మాత్రం ఆగలేదు" అన్నారు. లెక్క పూర్తయి, తెర కింద ఆ గుర్తు కొట్టుకుంటోంది.

ప్రింటర్ కీచుమంటూ కాగితాలు కక్కింది. గీతలే గీతలు. తులసి ఒక గీత మీద వేలు పెట్టి, "ఇది ఉప్పునీటి అంచు మామ్మా. రొయ్యల చెరువులవైపు నుంచి ఇంతవరకూ వచ్చేసింది. ఇదిగో, ఇది మన నుయ్యి" అంది.

"గీతకి ఎటువైపుంది?"

"ఇవతలే. ఇంకా ఇవతలే ఉంది."

అమ్మాజీ ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకుని, నలగకుండా మనవరాలి సంచిలో తనే పెట్టింది. టిఫిను పొట్లాలు కట్టించుకోవడానికి ఆమె హోటలు దాకా వెళ్ళొచ్చేసరికి లోపల భాస్కరరావుగారు తులసి ఎదుట నిలబడి ఏదో అడుగుతున్నారు. చేతులు వెనక్కి పెట్టుకుని, కాస్త వంగి అడుగుతున్నారు. తులసి విని, తల ఊపి, కూర్చుని ఒక్క వరస కొట్టి లేచింది.

విశాఖపట్నం బస్సు కదిలాక కిటికీ పక్కన సర్దుకుని కూర్చుంటూ అమ్మాజీ అడిగింది. "ఏమడిగేరే ఆయన, అంత వినయంగా?"

"ఆ ప్రోగ్రాం గురించి మామ్మా. ఇప్పుడు ఆయన దగ్గర తాళం ఉంది కదా, నా గదిలోంచి తనే తీసుకోవచ్చు. అలా తియ్యలేదు. మిగతా పిల్లలు కూడా నా గదిలోకొచ్చి వాడుకోడానికి నన్ను పర్మిషన్ అడిగేరు."

"ఇచ్చేవా?"

తులసి సంచిని ఒళ్ళోకి లాక్కుని, గాజులు మణికట్టు దాకా కిందికి దించుకుంది.

"చదువుకోడానికి, నడుపుకోడానికి ఇచ్చేను. మార్చడానికి ఇవ్వలేదు."